ఐస్ పెట్టెలో పెరిగిన పొటాషియం

పేషెంటుకు 58 ఏళ్లు, వేరుశనగ రైతు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెబితే డాక్టరు గారు ఫాస్టింగ్ షుగర్, యూరియా, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్లు రాశారు. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో ఉన్న కలెక్షన్ సెంటర్‌లో ఉదయం 7 గంటలకు రక్తం తీశారు. అది అనంతపురంలో నేను పనిచేసే ల్యాబుకు చేరేసరికి మధ్యాహ్నం 12:40 అయింది. సోడియం 137, పొటాషియం 6.2, క్లోరైడ్ 102, యూరియా 34, క్రియాటినిన్ 1.1, ఫాస్టింగ్ షుగర్ 148 వచ్చాయి.

సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవంలో, పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5.1 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. 6 దాటితే మా దగ్గర అది క్రిటికల్ వాల్యూ. రిపోర్టు ప్రింటు కాకముందే డాక్టరుకు ఫోన్ చేయాలి. చేశాం. ఆయన పేషెంటును పిలిపించి ఈసీజీ తీశారు. పొటాషియం బాగా పెరిగితే ఈసీజీలో టీ వేవ్‌లు అనే అలలు పొడుగ్గా, మొనదేలి కనబడతాయి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. "కిడ్నీలు బాగున్నాయి, ఈసీజీ బాగుంది, మనిషి నడుచుకుంటూ వచ్చినాడు. ఈ 6.2 ఎక్కడ్నుంచి వచ్చిందో చూడండి మేడమ్" అని పేషెంటును నేరుగా మా దగ్గరికే పంపారు. ల్యాబులోనే రక్తం తీసి, గడ్డకట్టాక వెంటనే సీరం వేరుచేసి చూస్తే పొటాషియం 4.4.

ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే మెషిన్. అయినా 1.8 తేడా. అప్పుడు మా దగ్గర డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పూర్తిచేసి ట్రైనింగ్‌కు వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో వెతికే పని ఆమెతో కలిసి చేశాను. క్లినికల్ కెమిస్ట్రీ నేర్చుకునేవాళ్లకు పనికొస్తుందని ఆ వెతుకులాటను మొత్తం రాస్తున్నాను. పేషెంట్లను గుర్తుపట్టే వివరాలేవీ పెట్టలేదు.

మెషిన్ మీద అనుమానం

ఆ అమ్మాయి మొదట కంట్రోల్ చార్టు తీసింది. అది సరైన మొదటి అడుగే. కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్, మెషిన్ దాన్ని సరిగ్గా చదువుతోందో లేదో రోజూ చార్టులో గుర్తిస్తాం. ఆ ఉదయం రెండు లెవెల్స్ కంట్రోల్స్ నడిపాం, రెండూ సగటు గీతకు ఆనుకునే ఉన్నాయి. లెవీ, జెన్నింగ్స్ 1950లో ప్రతిపాదించిన ఆ చార్టునూ, కంట్రోల్ ఎప్పుడు తప్పినట్టో చెప్పడానికి వెస్ట్‌గార్డ్ 1981లో ఇచ్చిన నియమాలనూ ఇప్పుడు ల్యాబుల్లో రోజూ వాడుతున్నాం. ఆ రోజు ఒక్క నియమం కూడా తప్పలేదు. మెషిన్‌లో ఎలక్ట్రోలైట్లను కొలిచే ఐఎస్ఈ మాడ్యూల్‌లో పొటాషియం ఎలక్ట్రోడ్ కాలిబ్రేషన్ స్లోప్ కూడా సరిగ్గానే ఉంది. అదే 6.2 శాంపిల్‌ను మళ్లీ పెడితే 6.2 అనే చూపింది.

"అంటే రిజల్టు కరెక్టే కదా మేడమ్?" అంది.

మెషిన్ చెప్పింది కరెక్టే. ఆ ట్యూబులోని సీరంలో పొటాషియం నిజంగానే 6.2 ఉంది. కానీ పేషెంటు ఒంట్లో అంత లేదు. కంట్రోల్ సీసాలో ఉండేది కణాలు లేని సీరం. దాన్ని ఎవరూ సూదితో తీయలేదు, పెట్టెలో పెట్టి బస్సులో పంపలేదు. రక్తనాళం నుంచి అనలైజరు దాకా శాంపిల్ చేసిన ప్రయాణం గురించి కంట్రోల్ ఒక్క మాట కూడా చెప్పలేదు. కోర్సులో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) చాప్టరు బట్టీపట్టి వచ్చే పిల్లలకు ఈ సంగతి బాగా ఎక్కాలని నా పట్టుదల. ల్యాబు తప్పుల్లో ఎక్కువ భాగం శాంపిల్ మెషిన్‌లోకి వెళ్లకముందే జరిగిపోతాయి.

ఒక్కొక్కటిగా కొట్టేయడం

పొటాషియం అబద్ధంగా పెరగడానికి కారణాలు కొన్నే ఉన్నాయి. అదృష్టం ఏమిటంటే, ఒక్కో కారణం ఏదో ఒక గుర్తు వదిలి వెళ్తుంది. ఆ గుర్తు ఎక్కడ ఉంటుందో తెలిస్తే అదే ట్యూబులో మిగిలిన సీరంతో చాలావరకు తేల్చేయొచ్చు. అందుకే రిపోర్టు వెళ్లగానే శాంపిల్ పారేయొద్దని మా వాళ్లకు ఎప్పుడూ చెబుతుంటాను.

మొదటి అనుమానం ఈడీటీఏ. రక్తకణాలు లెక్కించే సీబీసీకి వాడే ఊదామూత ట్యూబులో, రక్తం గడ్డకట్టకుండా ఉంచేది ఈడీటీఏ పొటాషియం లవణం. ముందు ఊదామూత ట్యూబు నింపి తర్వాత సీరం కోసం వాడే ఎర్రమూత ట్యూబు నింపితే సూది వెంట కొంచెం ఈడీటీఏ రావచ్చు. ఎర్రమూత ట్యూబులో రక్తం తక్కువ పడిందని ఊదామూత నుంచి కాస్త ఒంపేవాళ్లూ ఉన్నారు. అలా జరిగితే పొటాషియం పెరగడంతో ఆగదు. ఈడీటీఏ కాల్షియంను పట్టేస్తుంది, కాల్షియం దారుణంగా పడిపోతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైముకు జింక్, మెగ్నీషియం కావాలి. వాటినీ ఈడీటీఏ లాగేసుకోవడంతో అదీ పడిపోతుంది. మిగిలిన సీరంలో ఈ రెండూ చేయించాను. కాల్షియం 9.2, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 88. ఈడీటీఏ కాదు.

రెండోది హీమోలిసిస్, అంటే ఎర్రకణాలు పగలడం. అవి పగిలితే లోపలి పొటాషియం బయటికొస్తుంది, దానితోపాటు హిమోగ్లోబిన్ కూడా వచ్చి సీరం గులాబీ రంగు తిరుగుతుంది. కణాల్లో ఉండే ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైములూ పెరుగుతాయి. ఈ సీరం లేత గడ్డి రంగులో, తేటగా ఉంది. మెషిన్ ఇచ్చే హీమోలిసిస్ ఇండెక్స్ కూడా నిల్. ఏఎస్‌టీ 24.

ప్లేట్‌లెట్లు మరీ ఎక్కువుంటే గడ్డకట్టేటప్పుడు వాటిలోంచి పొటాషియం వదులుతుంది. ఈయన ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు, అదీ కాదు. చేతికి పట్టీ బిగించి పిడికిలి పదేపదే మూసి తెరవమంటే కండరాల నుంచి పొటాషియం వచ్చి 1 దాకా పెరగవచ్చు. రక్తం తీసే ప్రతి చోటా కనిపించే అలవాటు ఇది. దీన్ని ఈ ఒక్క శాంపిల్‌తో తేల్చలేం కాబట్టి పక్కన పెట్టాం.

ఇక మిగిలింది ఆలస్యం. ఉదయం 7కు తీసిన రక్తం 12:40 వరకు సీరం వేరుచేయకుండా కణాలతోనే ఉంది. అలా ఉంచితే కణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి, గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున తగ్గుతుంది. అందుకే షుగర్‌కు బూడిదరంగు మూత ట్యూబు వాడతాం. అందులోని ఫ్లోరైడ్ ఎనోలేజ్ అనే ఎంజైమును ఆపేస్తుంది. ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి గంటో రెండు గంటలో పడుతుంది, ఆలోపు కొంచెం తగ్గుతుంది. ఆ తర్వాత నిలకడగా ఉంటుంది.

ఇక్కడ ఆ అమ్మాయికి ఒక పని చెప్పాను. ఫ్లోరైడ్ ట్యూబులో షుగర్ 148 వచ్చింది కదా, ఎర్రమూత ట్యూబు సీరంలో కూడా గ్లూకోజ్ చేసి చూడు అన్నాను. మామూలుగా ఎవరూ ఆ పని చేయరు, చేయాల్సిన అవసరమూ ఉండదు. చేసింది. 145 వచ్చింది.

"తగ్గలేదు మేడమ్. అంటే శాంపిల్ ఫ్రెష్‌గానే ఉన్నట్టు. ఆలస్యం వల్ల కాదు" అంది.

ఐదు గంటలు దాటిన రక్తం అది. మే నెల, బయట 40 డిగ్రీలు దాటిన ఎండ. ఆ వేడిలో ఎర్రమూత ట్యూబులోని గ్లూకోజ్ 110 చుట్టుపక్కలకు దిగిపోయి ఉండాలి. దిగలేదు. కణాలు బతికే ఉన్నాయి, పగల్లేదు, కానీ తిండి మాత్రం ముట్టలేదు. ఎందుకు ముట్టలేదు? ఇది అడిగాక ఆ అమ్మాయి కాసేపు ఆ రెండు అంకెలనే చూసింది. తర్వాత "చల్లగా పెట్టినారా?" అంది.

కలెక్షన్ సెంటర్ అబ్బాయికి ఫోన్ చేశాను.

"పొద్దున తీసినప్పట్నుంచి ఐస్‌లోనే పెట్టింటి మేడమ్. ఎండకు చెడిపోతాదని" అన్నాడు. అంతకుముందు అతను మెడికల్ షాపులో పనిచేశాడు. అక్కడ ఇన్సులిన్ ఐస్‌తో చుట్టి ఇవ్వడం చూశాడు. వేసవి మొదలయ్యాక సొంత డబ్బుతో థర్మోకోల్ పెట్టె కొని, ప్రతిరోజూ ఐస్ గడ్డలు నింపి, దాంట్లో ట్యూబులు పేర్చి బస్సుకు అందిస్తున్నాడు. శ్రద్ధ లేక చేసింది కాదు, శ్రద్ధ ఉండి చేసిన పని. కాబట్టి అతన్ని గద్దించడానికి ఏమీ లేదు.

చలికి కణంలో ఏమవుతుంది

ఎర్రకణం లోపల పొటాషియం, బయట ఉన్నదానికి 20 రెట్లకు పైనే ఉంటుంది. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి అది ఎప్పుడూ కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. కణం పొరలో ఉన్న సోడియం పొటాషియం పంపు దాన్ని మళ్లీ లోపలికి లాగుతుంది. మూడు సోడియంలను బయటికి తోసి రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కూ 1957లో ఈ పంపును గుర్తించారు, దానికే 1997లో కెమిస్ట్రీ నోబెల్‌లో భాగం దక్కింది. పంపు నడవాలంటే కణానికి ఇంధనంలాంటి ఏటీపీ కావాలి. ఏటీపీ కావాలంటే కణం గ్లూకోజ్‌ను వాడుకోవాలి.

మన వైపు వాళ్లకు బోరు మోటారుతో చెబితే వెంటనే అర్థమవుతుంది. కింద కారే ట్యాంకును మోటారు నింపుతూ ఉంటే నీటిమట్టం అలాగే ఉంటుంది. కరెంటు పోతే మోటారు ఆగుతుంది కానీ కారడం ఆగదు. ఐస్ చేసేది అదే. 4 డిగ్రీల దగ్గర పంపు దాదాపు పడకేస్తుంది, గ్లూకోజ్ ఖర్చు ఆగిపోతుంది, కారుడు మాత్రం సాగుతూనే ఉంటుంది. పొర పగల్లేదు కాబట్టి హిమోగ్లోబిన్ బయటికి రాదు, సీరం తేటగానే కనిపిస్తుంది. హీమోలిసిస్ లేకుండా పొటాషియం పెరిగి, గ్లూకోజ్ చెక్కుచెదరకుండా ఉంటే అది చలి వదిలిన గుర్తు.

అలాగని ఎండలో పెట్టినా సరిపోదు. వేడికి పంపు ఇంకా జోరుగా నడిచి, మొదట్లో పొటాషియంను లోపలికి లాగేసి అబద్ధంగా తగ్గిస్తుంది. గ్లూకోజ్ అయిపోయాక పంపు ఆగి తిరిగి పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో పల్లె క్లినిక్‌ల నుంచి వచ్చే శాంపిళ్లలో చలికాలం పొటాషియం పెరగడం, వేసవిలో తగ్గడం అక్కడి ల్యాబులు ఎప్పుడో గమనించాయి. మనకు చలికాలం లేకపోయినా ఐస్ పెట్టె ఉంది.

మాటతో వదలకుండా చేసి చూశాం. స్టాఫ్‌లో ఒకరి రక్తం ఒకే సూదితో మూడు ఎర్రమూత ట్యూబుల్లోకి తీశాం. మొదటిది గడ్డకట్టగానే సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిరా తిప్పే మెషిన్‌లో) తిప్పి సీరం వేరుచేశాం. రెండోది టేబుల్ మీద, మూడోది ఐస్‌లో ఆరు గంటలు ఉంచాం. పొటాషియం వరుసగా 4.1, 4.0, 5.5. గ్లూకోజ్ వరుసగా 91, 60, 89. ఆ మూడు ట్యూబుల అంకెలు ట్రైనీ తన నోట్‌బుక్‌లో రాసుకుంది. మూడో ట్యూబు సీరం మొదటిదానికంటే కూడా తేటగా ఉందని పక్కనే రాసింది. చూసి నమ్మే అలవాటున్న కంటికి అదే పెద్ద దెబ్బ.

నార్మల్‌గా కనిపించిన రిపోర్టు

ఇక్కడితో ఆపితే 6.2 మిస్టరీ తీరినట్టే. కానీ నాకు అసలు టెన్షన్ పట్టుకుంది ఈ దశలోనే. ఐస్ ఒక్క రైతు ట్యూబునే ఎంచుకోలేదు. వేసవి మొదలైనప్పటి నుంచి ఆ సెంటర్ శాంపిళ్లన్నీ ఆ పెట్టెలోనే వచ్చాయి. 4.4 ఉన్నవాళ్లను 6.2 చేసిన ఐస్, 2.8 ఉన్నవాళ్లను 4 చేసి ఉంటుంది. 6.2కు ఫోన్ వెళ్తుంది, డాక్టరు ప్రశ్నిస్తారు, మళ్లీ రక్తం తీస్తారు. 4.0ని ఎవరు ప్రశ్నిస్తారు? రిపోర్టులో నక్షత్రం గుర్తు కూడా రాదు.

కంప్యూటర్‌లో ఆ సెంటర్ పొటాషియం రిపోర్టులను విడిగా తీశాం. అనంతపురంలో మా దగ్గరే తీసిన శాంపిళ్లు ఎక్కువగా 4 నుంచి 4.5 మధ్య ఉంటే, అక్కడివి 5 నుంచి 6 మధ్య గుంపుగా ఉన్నాయి. ఆ రైతుది తప్ప ఏదీ 6 దాటలేదు కాబట్టి క్రిటికల్ ఫోన్లు వెళ్లలేదు. ఆ గుంపులో 3.5 నుంచి 4.3 మధ్య ఉన్నవాళ్లు కొద్దిమందే. నేను వెతికింది వాళ్లనే. మిగతా పేషెంట్లతో పోలిస్తే తక్కువగా ఉన్న వీళ్లకు అసలు విలువ ఇంకెంత తక్కువో అని.

వాళ్లలో ఒకామె 46 ఏళ్ల మనిషి. గుండె జబ్బుకు ఫ్యూరోసెమైడ్, డిగాక్సిన్ వాడుతోంది. పొటాషియం 4.0 అని రిపోర్టు వెళ్లింది. ఫ్యూరోసెమైడ్ మూత్రంలో పొటాషియంను పోగొడుతుంది. ఒంట్లో పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషంలా మారి గుండె లయ తప్పుతుంది. రాసిన డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆ 4.0ని నమ్మొద్దని, కారణం ఇదని చెప్పాను. ఆయన వెంటనే పిలిపించమన్నారు. ఆమె ఉపాధి పనికి వెళ్లింది, ఫోన్ ఇంట్లో పెట్టింది. ఐస్ పెట్టె కొన్న ఆ అబ్బాయే బండి వేసుకుని పని జరిగే చోటికి వెళ్లి, "అక్కా, డాక్టరు సారు పిలుస్తుండారు, ఇప్పుడే పోవల్ల" అని చెప్పి ఎక్కించుకుని వచ్చాడు. ఫ్రెష్ శాంపిల్‌లో పొటాషియం 2.8. ఒంట్లో సత్తువ లేదని, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని ఆమె కొద్దిరోజులుగా చెబుతూనే ఉంది. రిపోర్టు నార్మల్ ఉండటంతో అది పని అలసట అనుకున్నారు. పొటాషియం సిరప్ మొదలుపెట్టి, మందులు సవరించారు. తర్వాతి వారం 3.8కి వచ్చింది.

ఈ కేస్ స్టడీని ఆ రైతుతో మొదలుపెట్టినా, నా దృష్టిలో అసలు పేషెంటు ఈమే. రిపోర్టుల పరిశీలన అంటే ఎర్రగా మెరిసే అంకెల వెంట పడటమే అని నేర్చుకున్నవాళ్లు ఈమెను పట్టుకోలేరు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. అదే జాబితాలో డయాలసిస్ చేయించుకునే ఒక పేషెంటు పొటాషియం 5.9 ఉంది. అది పాత రిపోర్టు. మా వెతుకులాట నడుస్తుండగానే ఆయన కొత్త శాంపిల్ వచ్చింది, 7.1. ల్యాబులో అందరూ "ఐస్ వల్లే" అనేశారు. ఐస్ వాటా ఉండొచ్చు, కానీ కిడ్నీలు పనిచేయని మనిషి విషయంలో ఆ మాట మీద కూర్చోలేం. ఫోన్ చేసి, మళ్లీ తీయించాం. 6.3, నిజంగానే ఎక్కువ. ఆ రోజే డయాలసిస్‌కు పంపారు. ఒక కారణం దొరికిందని ప్రతిదాన్నీ దాని ఖాతాలో వేయకూడదని ట్రైనీకి వేరే పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఏం మార్చాం

ఆ సెంటర్‌లో చిన్న సెంట్రిఫ్యూజ్ పెట్టించాం. ఎర్రమూత బదులు జెల్ ఉన్న పసుపుమూత ట్యూబులు ఇచ్చాం. రక్తం తీశాక ట్యూబును నాలుగైదు సార్లు మెల్లగా తిరగేసి, నిలువుగా అరగంట ఉంచాలి. గడ్డ పూర్తిగా కట్టాకే పది నిమిషాలు తిప్పాలి. తొందరపడి ముందే తిప్పితే సీరంలో ఫైబ్రిన్ పోగులు మిగిలి మెషిన్ ప్రోబ్‌కు అడ్డం పడతాయి. తిప్పాక జెల్ పొర సీరంకూ కణాలకూ మధ్య గోడలా, ఎక్కడా సందు లేకుండా పరుచుకుందో లేదో కంటితో చూడాలి. ఆ పొర సరిగ్గా ఉంటే తర్వాత ఐస్‌లో పెట్టినా ఇబ్బంది లేదు, సీరంలో కారడానికి కణాలే లేవు. అబ్బాయి కొన్న థర్మోకోల్ పెట్టె వృథా పోలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాం, ఒకసారి తిప్పిన జెల్ ట్యూబును ల్యాబులో ఎవరూ రెండోసారి తిప్పకూడదు. జెల్ కింద మిగిలిన కొంచెం ద్రవంలో అప్పటికే పొటాషియం చేరి ఉంటుంది, మళ్లీ తిప్పితే అది పైకొచ్చి సీరంలో కలుస్తుంది.

కరెంటు లేకపోతే? ఆ ఊళ్లో అది తరచూ వచ్చే ప్రశ్న. అలాంటి రోజు తిప్పని ట్యూబులను నీడపట్టున, గది వేడిలోనే ఉంచి, రెండు గంటల్లోపు మాకు చేరేలా చూడాలి. చేరకపోతే ఆ శాంపిల్ మీద యూరియా, క్రియాటినిన్ చేస్తాం కానీ పొటాషియం ఇవ్వం. రిపోర్టులో ఆ గడి దగ్గర "సీరం ఆలస్యంగా వేరుచేశారు, పొటాషియంకు మళ్లీ రక్తం ఇవ్వాలి" అని రాస్తాం. దీని మీద మొదట్లో గొడవ జరిగింది. డబ్బు కట్టిన పేషెంటుకు గడి ఖాళీగా ఇస్తే ఎట్లా అని సెంటర్ వాళ్లు అడిగారు. రెండోసారి తీసినందుకు డబ్బు తీసుకోకూడదని ల్యాబు యాజమాన్యాన్ని ఒప్పించాకే అది సద్దుమణిగింది.

శాంపిల్‌తో వచ్చే కాగితంలో రెండు గడులు చేర్చాం: రక్తం తీసిన టైము, తిప్పిన టైము. రెండూ లేకుండా వస్తే రిసెప్షన్‌లోనే ఆపి ఫోన్ చేస్తారు. వారానికోసారి ప్రతి సెంటర్ పొటాషియంల సగటును మా సొంత శాంపిళ్ల సగటుతో పక్కపక్కన పెట్టి చూడటం ట్రైనీ పనిగా పెట్టాను. కంట్రోల్ సీసా చెప్పలేని సంగతిని పేషెంట్ల సగటు చెబుతుంది. దీనికి కొత్త మెషిన్ అక్కర్లేదు, ఎక్సెల్ షీట్ చాలు.

ఐస్ కావాల్సిన పరీక్షలు కూడా ఉన్నాయని మర్చిపోకూడదు. అమోనియా, ఏసీటీహెచ్ అనే హార్మోను లాంటివాటికి రక్తం తీసిన క్షణం నుంచి ఐస్ ఉండాల్సిందే. కాబట్టి సెంటర్ గోడ మీద "ఐస్ వాడొద్దు" అని ఒక్క వాక్యం అంటించలేదు. ఏ ట్యూబు తిప్పాక ఐస్‌లోకి వెళ్తుంది, ఏది తిప్పకముందే వెళ్తుంది, ఏది అసలు వెళ్లకూడదు అని మూతల రంగులతో బొమ్మ గీసి పెట్టాం. గీసింది ట్రైనీ, దిద్దింది ఆ అబ్బాయి. బస్సు టైముకు హడావిడిలో చదవడానికి అక్షరాలు పెద్దవి కావాలన్నది అతని సలహా.

ఇప్పుడు ఆ సెంటర్ సగటు 4.3 దగ్గర నిలబడుతోంది. రాయదుర్గం వైపు నుంచి వచ్చే శాంపిళ్లలో మాత్రం ఈ మధ్య సగటు 4 కంటే కిందికి జారుతోంది, సీరం గ్లూకోజ్ కూడా ఫ్లోరైడ్ విలువకంటే బాగా తక్కువ వస్తోంది. అక్కడ ఐస్ లేదు, ట్యూబుల పెట్టె బస్సులో ఇంజను పక్కన ప్రయాణిస్తోందేమో అని అనుమానం. వచ్చే వారం పెట్టెలో ఒక థర్మామీటరు పెట్టి పంపుతున్నాం.